మంచు చెక్కినదీ, మంచు పోసినదీ

1815లో జాన్ ద షార్పాంత్యె అనే ఉప్పుగనుల అధికారి స్విట్జర్లాండ్‌లోని బాన్య లోయకు హిమానీనదాలు చూడటానికి వెళ్లి, ఒక కొండపల్లెలో ఒకరి ఇంట రాత్రి బస చేశాడు. ఇంటాయన పేరు జాన్ పియెర్ పెరోదాన్. కొండల్లో వేటాడేవాడు. తాను చాలాకాలంగా గమనిస్తున్న సంగతి ఒకటి ఆయన మాటల మధ్య బయటపెట్టాడు. లోయ గోడల మీద అంత ఎత్తున పడి ఉన్న బండలను ఏ వరదా మోసుకొచ్చి ఉండదు. ఒకప్పుడు ఈ లోయంతా మంచుతో నిండి ఉండేది, ఆ మంచే వాటిని తెచ్చి వదిలింది అని. షార్పాంత్యెకు అది నమ్మదగ్గ మాటగా తోచలేదు. పెరోదాన్ అంతటితో ఊరుకోలేదు. మూడేళ్లకు ఇగ్నాజ్ వెనెట్జ్ అనే ఇంజినీరుకూ అదే చెప్పాడు. వెనెట్జ్ లోయలన్నీ తిరిగి చూసి ఒప్పుకున్నాడు. వెనెట్జ్ షార్పాంత్యెను ఒప్పించాడు, షార్పాంత్యె లూయీ అగాసీ అనే ప్రకృతి శాస్త్రవేత్తను ఒప్పించాడు. 1837లో న్యూషాటెల్ నగరంలో అగాసీ మంచుయుగం గురించి చేసిన ప్రసంగం చరిత్రకెక్కింది.

అగాసీ పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది, పెరోదాన్ పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఆ అన్యాయం ఎలాగూ ఉంది. నన్ను అంతకన్నా ఎక్కువగా పట్టుకున్నది ఆయన చూపు. పెరోదాన్‌కు ఆ లోయతో రోజూ పని. ఎక్కడ కాలు నిలుస్తుందో, ఎక్కడ రాయి జారుతుందో, ఏ గుట్ట తవ్వితే గట్టి బండ తగులుతుందో, ఏ గుట్ట ఎంత తవ్వినా కంకరే వస్తుందో తెలియకపోతే అలాంటి చోట బతుకు సాగదు. ఆ తెలివిలోంచే ఆయనకు మంచు జాడ దొరికిందని నా నమ్మకం.

నేను చెప్పదలచుకున్నది అక్కడి నుంచే మొదలవుతుంది. హిమానీనదాలు మలిచిన కొండసీమలో మూడు రకాల నేల ఉంటుంది: మంచు చెక్కిన చోటు, మంచు పోసిన చోటు, మంచు ఇంకా పట్టుకుని ఉన్న చోటు. చూడటానికి మూడూ ఒకే లోయలో, ఒకే అందంలో కలిసిపోయి ఉంటాయి. ఈ తేడా తెలిసి మనుషులు పెట్టుకున్న ఊళ్లు, పొలాలు, కాలువలు, ఆనకట్టలు చాలావరకు నిలిచాయి. తేడాను లెక్కచేయకుండా కట్టినవి కూలాయి, కూలుతున్నాయి. వీటిని ప్రకృతి వైపరీత్యాలని మనం అలవాటుగా అంటున్నాం. నేను ఆ మాటను సగమే ఒప్పుకుంటాను.

తేడా కనిపెట్టడం సులువని అనను. 1831లో చార్లెస్ డార్విన్ తన గురువు ఆడమ్ సెడ్జ్‌విక్‌తో కలిసి వేల్స్‌లోని కుమ్ ఇద్వాల్ అనే కొండ మడుగు దగ్గర చాలా గంటలు గడిపాడు. ఇద్దరూ శిలల్లో శిలాజాల కోసం వెతికారు. గీతలు పడిన బండలు, ఒకదాని మీద ఒకటి నిలిచిన రాళ్లు, మంచు వదిలిన గుట్టలు వాళ్ల చుట్టూనే ఉన్నాయి. ఇద్దరిలో ఎవరికీ అవి కనిపించలేదు. అగాసీ సిద్ధాంతం వచ్చాక 1842లో డార్విన్ మళ్లీ వెళ్లి చూశాడు. అగ్నికి ఆహుతైన ఇల్లు కూడా తన కథను ఇంత స్పష్టంగా చెప్పదని తర్వాతి కాలంలో ఆ లోయ గురించి రాసుకున్నాడు.

మంచు రాతిని ఎలా కోస్తుంది? మంచు ఒక్కటే కోయలేదు, అది రాతికన్నా మెత్తన. ఏటా కురిసిన హిమం కరగకుండా పొర మీద పొర పేరుకుంటే, అడుగు పొరల్లోని గాలి బయటికి పోయి అది గట్టి మంచుగా మారుతుంది. మందం కొన్ని పదుల మీటర్లు దాటేసరికి ఆ బరువుకు అడుగు మంచు నెమ్మదిగా సాగడం మొదలుపెడుతుంది. బండకూ మంచుకూ మధ్య సన్నని నీటిపొర ఏర్పడితే మొత్తం జారుతుంది కూడా. ఆ నీరు బండ పగుళ్లలోకి దిగి గడ్డకడుతుంది. గడ్డకట్టిన నీరు దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది కాబట్టి పగులు విచ్చుకుంటుంది, రాయి వదులవుతుంది, కదిలే మంచు దాన్ని పెకలించి తనతో తీసుకుపోతుంది. అలా అడుగున ఇరుక్కున్న రాళ్లే తర్వాత ఆకురాయి పళ్లలా కింది బండను అరగదీస్తాయి. అరిగిన పొడి పిండిలాగా నీటిలో కలిసి కిందికి వస్తుంది. హిమానీనదాల కింది సరస్సులకు ఆ పాలనీలి రంగు వచ్చేది ఆ పిండి వల్లే.

మంచు దాటిపోయిన బండను దగ్గరగా చూస్తే ఈ రెండు పనులూ ఒకే రాతి మీద కనిపిస్తాయి. మంచు ఎక్కివచ్చిన వైపు వాలు నున్నగా ఉంటుంది. దాని మీద సన్నని గీతలు అన్నీ ఒకే దిశలో సాగుతాయి, చెయ్యి పెడితే వేళ్లకు తెలుస్తాయి. మంచు దిగిపోయిన వైపు మాత్రం రాయి మెట్లు మెట్లుగా, మొనదేలి విరిగి ఉంటుంది. ఎక్కేవైపు ఒత్తిడికి మంచు కరిగి జారింది, దిగేవైపు ఒత్తిడి తగ్గి మళ్లీ గడ్డకట్టి రాతిని పెకలించింది. వేల ఏళ్ల కిందట మంచు ఎటు నుంచి ఎటు పోయిందో ఒక్క బండ చెబుతుంది. అలాంటి రాతి ముందు నిలబడితే నాకు కలిగే ఆనందం దాచుకోలేను.

ఇదే పని పెద్ద ఎత్తున జరిగితే లోయల రూపమే మారిపోతుంది. నది తాను పారే సన్నని గీతను మాత్రమే కోస్తుంది, అందుకే నది లోయ ‘వి’ ఆకారంలో ఉంటుంది. హిమానీనదం లోయ వెడల్పంతా నిండి ప్రవహిస్తుంది, గోడలనూ అడుగునూ కలిపి కోస్తుంది, అందుకే ‘యు’ ఆకారం వస్తుంది. అడ్డొచ్చిన కొండ ముక్కులను తెగ్గోస్తుంది. కొండ భుజాల్లో మంచు పేరుకున్న చోట మూడు వైపులా నిటారు గోడలు, ముందు చిన్న రాతి గడప ఉన్న గుంట తయారవుతుంది. భూగోళ పుస్తకాల్లో దీన్నే సర్క్ అంటారు. మంచు పోయాక అందులో మడుగు నిలుస్తుంది. రెండు సర్క్‌లు వెనక్కి తొలుచుకుంటూ వచ్చి దగ్గరైతే మధ్యలో కత్తి అంచులాంటి గట్టు మిగులుతుంది. అన్ని వైపుల నుంచీ తొలిచేస్తే 4,478 మీటర్ల మాటర్‌హార్న్ లాంటి కోసుగా ఉన్న శిఖరం మిగులుతుంది. పెద్ద హిమానీనదం ప్రధాన లోయను లోతుగా కోస్తే, పక్క నుంచి వచ్చి కలిసే చిన్న హిమానీనదం అంత లోతు కోయలేకపోయింది. మంచు కరిగాక ఆ చిన్న లోయ నోరు గోడ మీద వేలాడుతూ ఉండిపోయింది. అక్కడి నుంచి దూకే నీళ్లే జలపాతాలు. స్విట్జర్లాండ్‌లోని లౌటర్‌బ్రునెన్ లోయలో స్టౌబాఖ్ జలపాతం అలా దాదాపు 300 మీటర్లు దూకుతుంది.

వీటన్నిటిలో మనుషులకు ఎక్కువ పనికొచ్చిన లక్షణం మరొకటి ఉంది, దాన్ని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. నది పల్లానికే పారుతుంది, దారిలో తన అడుగును గుంటలా లోతుగా తవ్వి మళ్లీ పైకి ఎక్కడం దానికి చేతకాదు. మంచుకు చేతనవుతుంది. వెనక నుంచి తోసే బరువు ఉంటే అది ఎత్తుకు కూడా ఎక్కుతుంది. అందుకే హిమానీనద లోయ అడుగు మెట్లు మెట్లుగా, గుంటలు గుంటలుగా ఉంటుంది. ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో వాస్ట్ వాటర్ అనే సరస్సు నీటిమట్టం సముద్రానికి 61 మీటర్ల ఎత్తున ఉంటే, దాని లోతు దాదాపు 79 మీటర్లు. అంటే కొండల మధ్య ఉన్న ఆ సరస్సు అడుగు సముద్రమట్టం కన్నా కిందికి పోయింది. మంచు కోసిన లోయలోకి సముద్రం చొచ్చుకొస్తే దాన్ని ఫియర్డ్ అంటారు. నార్వేలోని సోగ్నె ఫియర్డ్ లోతు దాదాపు 1,300 మీటర్లు. సముద్రం దగ్గరికి వచ్చేసరికి దాని అడుగు మళ్లీ పైకి లేస్తుంది.

వెడల్పైన గుంట, దాని ముందు ఇరుకైన రాతి గడప. ఆనకట్ట కట్టే ఇంజినీరు కోరుకునేది సరిగ్గా ఇదే. గడప మీద చిన్న గోడ కడితే వెనక పెద్ద జలాశయం నిలుస్తుంది, గోడకు అటూ ఇటూ ఆనుకోవడానికి గట్టి బండ దొరుకుతుంది. కొండసీమల్లో జలవిద్యుత్తు ఇంతగా పెరిగిందంటే మంచు ముందుగానే సగం పని చేసి పెట్టింది కాబట్టి. వేల్స్‌లో 1984లో ప్రారంభమైన దినోర్విగ్ విద్యుత్ కేంద్రం నాకు దీనికి అన్నిటికన్నా చక్కని ఉదాహరణగా తోస్తుంది. పైన మార్ఖ్లిన్ మౌర్, సర్క్‌లో నిలిచిన మడుగు. కింద లిన్ పెరిస్, ‘యు’ లోయ అడుగున ఉన్న పొడవాటి సరస్సు. కరెంటు మిగిలిన వేళ నీటిని కింది నుంచి పైకి తోడుతారు, అవసరమైన వేళ కొండ లోపలి సొరంగాల గుండా కిందికి వదులుతారు. ఒకే హిమానీనద వ్యవస్థ రెండు ఎత్తుల్లో చెక్కిన రెండు గుంటల మధ్య నీళ్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. స్విట్జర్లాండ్‌లోని గ్రాండ్ దిక్సాన్స్ ఇంకా పెద్దది. 1961లో పూర్తయిన ఆ ఆనకట్ట ఎత్తు 285 మీటర్లు. 35 హిమానీనదాల నుంచి కరిగిన నీటిని సొరంగాల ద్వారా అక్కడికి రప్పిస్తారు.

అయితే గట్టి బండ మీద కట్టినంత మాత్రాన అంతా న్యాయంగా జరిగినట్లు కాదు. మాంచెస్టర్ నగరం దాహం తీర్చడానికి లేక్ డిస్ట్రిక్ట్‌లోని థర్ల్‌మియర్ లోయను ముంచి, 1894లో దాదాపు 154 కిలోమీటర్ల కాలువ ద్వారా, ఎక్కడా పంపుతో తోడే పని లేకుండా, వాలు మీదే నీళ్లు తీసుకుపోయారు. ఇంజినీరింగ్‌గా నేను దాన్ని మెచ్చుకుంటాను. అదే నగరం కోసం 1930లలో పక్కనే ఉన్న మార్డేల్ లోయను ముంచినప్పుడు ఊరి చర్చి ఆవరణలోని 97 మంది మృతదేహాలను వెలికితీసి వేరే ఊళ్లో పాతిపెట్టాల్సి వచ్చింది. వానలు పడని ఏళ్లలో నీరు తగ్గితే ఆ ఊరి గోడలు బయటపడతాయి, జనం చూడటానికి వస్తారు. లోయలో ఉండేవాళ్లు కొద్దిమంది, దిగువన తాగేవాళ్లు లక్షలమంది. లెక్క ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతుంది. నీళ్లు ఇవ్వకూడదని నేను అనడం లేదు. ఆ కొద్దిమందికి ముందుగా అడిగించుకునే హక్కు ఉండాలంటున్నాను.

ఇక మంచు పోసిన నేల సంగతి. పెకలించిన రాళ్లు, అరిగిన పిండి, ఇసుక, బంకమన్ను అన్నీ కలగలిపి హిమానీనదం తన పక్కలా, తన మూతి దగ్గరా, తన కిందా పోసి వెళుతుంది. ఈ గుట్టలకే మొరైన్‌లని పేరు. నది ఒండ్రును పరిమాణాన్ని బట్టి వేరుచేసి పరుస్తుంది. మంచుకు ఆ ఓపిక లేదు, ఇంటంత బండ పక్కనే పిండంత సన్నని మన్ను ఉంటుంది. అందుకే ఈ నేల సాగుకు మొండికేస్తుంది. వాస్ట్ వాటర్ పైభాగాన ఉన్న వాస్డేల్ హెడ్ అనే చిన్న పల్లెలో పొలాల మధ్య గోడలు చూస్తే ఆ మొండితనం తెలుస్తుంది. గోడలు అవసరానికి మించిన మందంతో ఉంటాయి, చిన్న చిన్న మళ్ల చుట్టూ వలలా అల్లుకుని ఉంటాయి. పొలంలో తవ్విన ప్రతిసారీ రాళ్లు బయటపడితే వాటిని పెట్టడానికి చోటు కావాలి కదా. గోడ కట్టగా మిగిలినవి మడి మధ్యలోనే కుప్పలు పోశారు. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి. తరతరాల మనుషులు మంచు పోసిన రాళ్లను చేతులతో ఏరి, తమకు పనికొచ్చే వరుసలో మళ్లీ పేర్చారు. లేక్ డిస్ట్రిక్ట్‌ను 2017లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించినప్పుడు కొండలతో పాటు ఈ పశుపోషణ బతుకునూ లెక్కలోకి తీసుకున్నారు. అది నాకు నచ్చింది.

పాత ఊళ్లు ఎక్కడ కూర్చున్నాయో పటంలో చూడటం నాకు ఇష్టమైన పని. లౌటర్‌బ్రునెన్ లోయ అడుగు దాదాపు 800 మీటర్ల ఎత్తున ఉంది. ముర్రెన్ పల్లె మాత్రం 1,638 మీటర్ల ఎత్తున, గోడ పైన ఉన్న అరుగు మీద ఉంది. మంచు కోసిన నిటారు గోడ పైభాగాన వాలు కాస్త మెత్తబడి పచ్చికకు చోటిస్తుంది. వేసవిలో పశువులు పైకి, చలికాలంలో కిందికి; వందల ఏళ్ల ఆ రాకపోకలకు ఆ అరుగులే ఆధారం. స్విట్జర్లాండ్‌లోనే వాలే అనే పొడి ప్రాంతంలో రైతులు కొండ గోడలకు చెక్క దోనెలు వేలాడదీసి, ఎక్కడో పైన కరిగే మంచు నీటిని పచ్చిక బీళ్లకు తెచ్చుకున్నారు. లడఖ్‌లోనూ ఊరు ఉండేది మంచు నీటి కాలువ చివరే. అక్కడ చిక్కు కాలంతో వస్తుంది. విత్తనం వేసే వేళకు పైనున్న హిమానీనదాలు ఇంకా కరగవు. చెవాంగ్ నోర్ఫెల్ అనే ఇంజినీరు చలికాలంలో వృథాగా పోయే నీటిని ఊరికి దగ్గరగా, నీడపట్టున, చిన్న రాతి గట్ల వెనక నిలిపి గడ్డకట్టించాడు. తక్కువ ఎత్తున ఉంది కాబట్టి ఆ మంచు ముందుగా కరుగుతుంది, సరిగ్గా విత్తనం వేళకు నీరందుతుంది. నేలను చదవడమంటే నా దృష్టిలో ఇది. ఆయనకు 2015లో పద్మశ్రీ దక్కింది.

పోసిన నేల అన్నిటికన్నా ప్రమాదకరంగా మారేది అది నీటికి గట్టుగా నిలిచినప్పుడు. హిమానీనదం వెనక్కి తగ్గితే దాని మూతికీ, అది పోసిన గుట్టకూ మధ్య సరస్సు ఏర్పడుతుంది. ఆ గట్టు ఎవరూ దిమ్మిస వేసి కట్టినది కాదు. కంకర, మన్ను, కొన్నిచోట్ల లోపల దాగిన పాత మంచు. పైనుంచి మంచు పెళ్ల విరిగి సరస్సులో పడితే చాలు, అల గట్టు దాటుతుంది, దాటిన నీరు గట్టును కోస్తుంది, కోసిన కొద్దీ నీరు పెరుగుతుంది. పెరూలో 1941 డిసెంబర్ 13న పాల్కకోచా సరస్సు అలాగే తెగి వారస్ పట్టణంలో వేలమందిని పొట్టనపెట్టుకుంది. ఆ తర్వాత పెరూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. అక్కడి ఇంజినీర్లు పదుల సంఖ్యలో సరస్సులకు కాలువలు, సొరంగాలు తవ్వి నీటిమట్టాలు దించారు. యంత్రాలు చేరని ఎత్తుల్లో, దశాబ్దాల పాటు, పేదదేశం చేసిన పని అది. దాన్ని చూశాక డబ్బు లేదని, సాధ్యం కాదని చెప్పే మాటలు నాకు రుచించవు.

కేదార్‌నాథ్ ఊరు ఉన్నది మంచూ దాని కింది వాగులూ పోసిన నేల మీదే. పైన చోరాబారీ హిమానీనదం, దాని పక్కన మొరైన్ గట్టు వెనక చిన్న సరస్సు. 2013 జూన్ 16, 17 తేదీల్లో కుండపోత వానకు ఆ గట్టు తెగింది. వేలమంది చనిపోయారు. ఆలయం నిలిచింది, చుట్టూ వాగుల దారిలోకి పాకిన కట్టడాలు కొట్టుకుపోయాయి. పదేళ్లకు, 2023 అక్టోబర్ 3 రాత్రి వేళ, సిక్కింలో దక్షిణ ల్హోనాక్ సరస్సు పక్కనున్న మొరైన్ వాలు విరిగి నీళ్లలో పడింది. సరస్సు తెగి, దిగువన చుంగ్‌థాంగ్ వద్ద 1,200 మెగావాట్ల తీస్తా-3 ప్రాజెక్టు ఆనకట్టను తుడిచిపెట్టింది. ఆ సరస్సు ప్రమాదకరమని ముందే తెలుసు. 2016లో గొట్టాలు వేసి కొంత నీరు తోడారు కూడా. తెలిసిన ప్రమాదం కింద అంత పెద్ద ప్రాజెక్టు నిలబెట్టి, పైన చేయాల్సిన పనిని గొట్టాలతో సరిపెట్టడాన్ని ఏమనాలి? వాన ఎక్కువ పడటం ప్రకృతి చేతిలో ఉంది. ఎక్కడ కట్టాలన్నది మన చేతిలో ఉంది.

మూడో రకం నేల, మంచు పట్టుకుని ఉన్నది, కంటికి అసలు ఆనదు. ఎత్తైన రాతిగోడల పగుళ్లలో వేల ఏళ్లుగా గడ్డకట్టిన నీరు రాయిని రాయికి అంటిపెట్టి ఉంచుతుంది. లోయలోని హిమానీనదం తన బరువుతో గోడలకు ఆనికగా ఉంటుంది. రెండూ కరిగితే గోడలు వదులవుతాయి. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో రోంటీ శిఖరం నుంచి దాదాపు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయీ మంచూ ఊడిపడి, ఋషిగంగ, ధౌలీగంగ లోయల్లో రెండు జలవిద్యుత్ కేంద్రాలను దెబ్బతీసింది. 200 మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. వాళ్లలో ఎక్కువమంది అక్కడ పనిచేస్తున్న కూలీలు. ఆ ఉదయం పైనుంచి వాళ్లకు హెచ్చరిక ఏదీ అందలేదు.

స్విట్జర్లాండ్‌లోని బ్లాటెన్ గ్రామం గతి వేరేగా ముగిసింది. 2025 మే నెలలో గ్రామం పైనున్న శిఖరం నుంచి రాళ్లు రాలి బిర్ష్ హిమానీనదం మీద పేరుకోసాగాయి. ఆ బరువుకు హిమానీనదం వేగం పుంజుకుంది. కొలతలు చూసిన అధికారులు మే 19న దాదాపు 300 మందిని, పశువులతో సహా ఖాళీ చేయించారు. మే 28న హిమానీనదం కూలి ఊరిని పూడ్చేసింది. ఊరు పోయింది. ఒక ప్రాణం పోయింది. మిగిలినవాళ్లంతా బతికారు. ఆ దేశంలో ప్రతి కొండ ఊరికీ ప్రమాద పటాలు ఉన్నాయి. ఎరుపు రంగు పడిన చోట కొత్త ఇల్లు కట్టనివ్వరు, నీలం పడిన చోట షరతులతో కట్టనిస్తారు. ధనిక దేశం కాబట్టి సాగిందనే వాదన నేను విన్నాను. పటం గీయడానికయ్యే ఖర్చు కూలిపోయిన ఆనకట్ట ఖర్చులో ఎన్నో వంతో లెక్క వేసి, ఆ తర్వాత ఆ వాదన చేయాలి.

కొండలను ముట్టుకోకుండా వదిలేయాలనే వాళ్లతో నాకు పేచీ ఉంది. మనిషి చెయ్యి పడని లోయలని మనం ఫొటోల్లో మురిసిపోయేవి చాలావరకు వేల ఏళ్లుగా పశువులు మేసిన బీళ్లు, రైతులు కట్టిన గోడలు, మళ్లించిన వాగులు. అక్కడివాళ్లను తీసేస్తే ఆ అందంలో సగం పోతుంది, ఆ నేలను చదవగలిగిన కళ్లు మొత్తం పోతాయి. లోయ ఖాళీగా ఉంది కదా, కట్టేద్దాం అనే వాళ్లతో నా పేచీ ఇంకా పెద్దది. బాన్య లోయనే తీసుకుందాం. పెరోదాన్ వెనెట్జ్‌కు మంచు సంగతి చెప్పిన 1818లోనే, జియెత్రో హిమానీనదం నుంచి విరిగిపడిన మంచు ద్రాన్స్ నదికి అడ్డంగా గుట్టపడి వెనక సరస్సు నిలిచింది. వెనెట్జ్ మనుషులను పెట్టి ఆ మంచులోంచి సొరంగం తవ్వించాడు, కొంత నీరు బయటికి పంపాడు. జూన్ 16న మిగిలినది తెగి 40 మంది దాకా చనిపోయారు. 1595లోనూ అదే లోయలో అదే జరిగింది. ఇవాళ దాదాపు అదే చోట, గట్టి బండకు ఆనుకుని, 250 మీటర్ల మోవ్వాజాన్ ఆనకట్ట ఉంది. పైన జియెత్రో హిమానీనదం ఇప్పటికీ ఉంది. మంచు విరిగి జలాశయంలో పడవచ్చని ఇంజినీర్లకు తెలుసు కాబట్టి దశాబ్దాలుగా దాని కదలికను కొలుస్తూనే ఉన్నారు. లోయ చరిత్రను తెలుసుకుని కట్టారు, కట్టాక కూడా పైకి చూడటం మానలేదు.

ఈ చూపు అవసరం ముందుముందు ఇంకా పెరుగుతుంది. 2022, 2023 రెండేళ్లలోనే స్విట్జర్లాండ్ హిమానీనదాలు తమ పరిమాణంలో 10 శాతం కోల్పోయాయి. మంచు వెనక్కి తగ్గిన ప్రతిచోటా అది చెక్కిన కొత్త గుంట బయటపడుతుంది, దాంట్లో నీరు నిలుస్తుంది. బెర్న్ ప్రాంతంలోని ట్రిఫ్ట్ దగ్గర ఈ శతాబ్దం మొదట్లో అలా కొత్త సరస్సు పుట్టింది. ఒకప్పుడు మంచు మీద నడిచి దాటిన చోట ఇప్పుడు వేలాడే వంతెన ఉంది. అక్కడ ఆనకట్ట కట్టాలని విద్యుత్ సంస్థ, వద్దని పర్యావరణ సంఘాలు వాదులాడుకుంటున్నాయి. ఆ గుంట బండలో చెక్కినది, గడప బండది. పైన మిగిలిన మంచును జియెత్రోలా కొలుస్తూ ఉంటామని మాట ఇచ్చి, దిగువ ఊళ్లవాళ్లు సరేనంటే, ఆ ఆనకట్టను నేను సమర్థిస్తాను.

హిమాలయాల్లో మాత్రం వరుస మారాలి. నేపాల్ 2016లో ఎవరెస్ట్ దగ్గర, దాదాపు 5,000 మీటర్ల ఎత్తున, ఇమ్జా సరస్సుకు కాలువ కట్టి నీటిమట్టాన్ని 3 మీటర్లకు పైగా దించింది. అంత ఎత్తున అది సాధ్యమైనప్పుడు మరోచోట కాకపోవడానికి కారణం కనిపించదు. మొరైన్ గట్టు వెనక నిలిచిన సరస్సు పైన ఉండగా కింద జలవిద్యుత్ ప్రాజెక్టుకు అనుమతి అడిగే ప్రతి సంస్థా ముందు ఆ సరస్సు నీటిని దించి చూపాలి, ఆ కొలతలను లోయలోని ప్రతి పంచాయతీకి అందుబాటులో పెట్టాలి. అవి రెండూ జరిగే దాకా అనుమతి కాగితం కార్యాలయం దాటి బయటికి రాకూడదు.